మైగ్రేన్ ఉన్న ఇంట్లో మిగతావాళ్ళ సంగతి: మీ ప్రశ్నలకు జవాబులు

మైగ్రేన్ గురించి ఈమధ్య ఈ శీర్షికలో రాసినప్పుడు మందుల గురించి, తిండి గురించి ప్రశ్నలు వస్తాయనుకున్నాను. వచ్చాయి కూడా. కానీ అంతకంటే ఎక్కువగా భర్తలు, భార్యలు, పిల్లలు, అత్తగార్లు రాశారు. "తలనొప్పి నాది కాదండీ, నేను రాయొచ్చో లేదో తెలీదు" అంటూ మొదలయ్యే ఉత్తరాలు. రాయొచ్చు, తప్పకుండా రాయొచ్చు. ఈసారి శీర్షిక మొత్తం మీకే ఇస్తున్నాను. పేర్లు తీసేశాను, ఊళ్ళూ వివరాలూ గుర్తుపట్టకుండా మార్చాను.

ముందు ఒక్క లెక్క. బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు కర్ణాటకలో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో (2015లో వచ్చింది) ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చిన పెద్దవాళ్ళు 25 శాతం దాకా ఉన్నారని తేలింది. పక్క రాష్ట్రమే కాబట్టి మన ఇళ్ళ పరిస్థితి అందుకు మరీ దూరంగా ఉంటుందని నేననుకోను. అందరికీ తీవ్రంగా ఉండదు నిజమే, కానీ తీవ్రంగా ఉన్న ప్రతి ఇంట్లోనూ తలుపు దగ్గరగా వేసి, పిల్లల్ని అరవొద్దని సైగ చేసి, వంటింట్లోకి వెళ్ళేవాళ్ళు ఒకరుంటారు. వాళ్ళకెలా ఉందని డాక్టరు అడగడు, చుట్టాలు అడగరు, చాలాసార్లు వాళ్ళే అడుక్కోరు.

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు, హనుమకొండలో ఉంటాం. నా భార్యకి పెళ్ళికి ముందు నుంచే మైగ్రేన్ ఉంది, ఈ మూడు నాలుగేళ్ళుగా బాగా ఎక్కువైంది. నెలలో ఎనిమిది తొమ్మిది రోజులు మంచం మీదే. గది చీకటి చెయ్యాలి, టీవీ పెట్టకూడదు, పోపు వెయ్యకూడదు. పిల్లలిద్దర్నీ స్కూలుకి తయారుచేయడం, ఆఫీసు, వచ్చాక వంట అన్నీ నేనే. చెయ్యడానికి నాకేం బాధ లేదు. కానీ ఈమధ్య ఆమె "వచ్చేట్టుంది" అనగానే ఒళ్ళు మండిపోతోంది. మొన్న మా తమ్ముడి కొడుకు ధోతీ ఫంక్షన్ రోజు పొద్దున్నే నొప్పి మొదలైంది, మేమెవరం వెళ్ళలేదు. ఆమె వాంతి చేసుకుంటుంటే గిన్నె పట్టుకుని నిలబడి "నిజంగానేనా, వెళ్ళడం ఇష్టం లేకనా" అనుకున్నాను. అప్పటినుంచీ నామీద నాకే అసహ్యంగా ఉంది. మా అమ్మ అయితే "తలనొప్పి ఎవరికి రాదురా" అంటుంది. నేను చెడ్డవాణ్ణా?

కాదు. ఏళ్ళ తరబడి ఇల్లు ఒక్కరే నెట్టుకొస్తున్నవాళ్ళకి ఇలాంటి ఆలోచన రావడం నేను చాలాసార్లు విన్నాను, భర్తల దగ్గరా విన్నాను, భార్యల దగ్గరా, కన్నతల్లుల దగ్గర కూడా. ఆ ఆలోచన వచ్చినా మీరు గిన్నె వదిలేసి వెళ్ళిపోలేదు కదా, అది కూడా లెక్కలో వేసుకోండి.

మీ అనుమానానికి ముందు సూటిగా జవాబు చెప్తాను, ఎందుకంటే అది తేలకుండా మిగతా ఏం చెప్పినా మీ బుర్రకెక్కదు. మైగ్రేన్ స్కాన్‌లో కనపడదు, ఎంఆర్ఐ తీయిస్తే మామూలుగా బాగానే ఉందని వస్తుంది, చూసేవాళ్ళకి చూపించడానికి ఏమీ ఉండదు, అందుకే మీ అమ్మగారు ఆ మాట అనగలిగారు, మీకూ ఆ అనుమానం వచ్చింది. కానీ ఇది మామూలు తలనొప్పి కాదు. మందు వేసుకోకపోతే ఒక్కో విడత 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది, మెట్లెక్కినా ఎక్కువవుతుంది, వెలుతురూ చప్పుడూ భరించలేరు. మరి సరిగ్గా ఫంక్షన్ రోజే ఎందుకొచ్చింది? ఫంక్షన్ ముందురోజు ఇంట్లో ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. నిద్ర లేటు, పొద్దున్నే లేవడం, టిఫిన్ అక్కడ చేద్దాంలే అనుకోవడం, ఎండ, చీరలూ నగలూ గిఫ్టులూ అంటూ హడావిడి. నిద్ర తగ్గడం, తిండి వేళ తప్పడం, టెన్షన్, ఈ మూడూ మైగ్రేన్‌ని రేపేవాటిలో ముందుంటాయి. పండగలకీ పెళ్ళిళ్ళకీ నొప్పి రావడంలో నటన ఏమీ లేదు, ఆ రోజుల్లో ఇవన్నీ ఒకేసారి వచ్చి పడతాయి అంతే.

ఇప్పుడు మీ సంగతి. మిమ్మల్ని అలసట పెడుతున్నది ఆ ఎనిమిది తొమ్మిది రోజుల పని ఒక్కటే అని నాకనిపించడం లేదు. పొద్దున లేవగానే ఆమె ముఖం వంక చూసి ఈరోజు ఎలా ఉండబోతోందో అంచనా వేస్తున్నారా? సినిమా టికెట్లు బుక్ చెయ్యడం మానేశారా? ఎవరైనా పిలిస్తే "చూద్దాం" అనడం తప్ప వస్తాం అనడం ఎప్పుడో మర్చిపోయారా? నొప్పి లేని ఇరవై రోజులు కూడా నొప్పి కోసం కాచుకుని గడుపుతున్నారన్న మాట, అసలు అరుగుదల అక్కడుంది. అమెరికాలో మైగ్రేన్ మీద జరిగిన పెద్ద అధ్యయనం ఒకదానిలో (కామియో అంటారు) రోగుల్నే కాదు, వాళ్ళ భార్యల్నీ భర్తల్నీ టీనేజీ పిల్లల్నీ కూడా అడిగారు. కలిసి చెయ్యాల్సినవి తగ్గిపోవడం, ముందుగా అనుకున్నవి రద్దవడం, ఇద్దరి వైపునుంచీ వచ్చిన మాటలే. కోపం మీకు ఆ జబ్బు వచ్చే వేళ మీద. కానీ జబ్బు ఎదురుగా కనపడదు కదా, మంచం మీద ఆమె కనపడుతుంది.

ఈ సంగతి ఆమెతో మాట్లాడాలి. నొప్పి వచ్చినప్పుడు కాదు, తగ్గిన మర్నాడూ కాదు, ఎందుకంటే నొప్పి పోయాక కూడా ఒక రోజు దాకా ఒళ్ళు బరువుగా, బుర్ర మొద్దుబారినట్టు ఉంటుంది. ఆమె నవ్వుతూ తిరుగుతున్న రోజు చూసుకుని మాట్లాడండి. మంచి రోజు ఎందుకు పాడుచెయ్యడమని ఇద్దరూ వాయిదా వేస్తారు, చెడ్డ రోజు మాట్లాడే స్థితి ఉండదు, అలా ఏళ్ళు గడిచిపోతాయి. నేను చూసిన ఇళ్ళలో ఇదే జరుగుతుంది. "నీ నొప్పి అబద్ధం అనిపించింది" అని మాత్రం చెప్పకండి, ఆ నిజాయితీ ఆమెకి అక్కర్లేదు. "నేను అలసిపోయాను, ఫంక్షన్ పోయినందుకు బాధేసింది, నీమీద కోపం కాదు" అంటే చాలు.

ఆ మాటల్లోనే ఒక ఒప్పందం కూడా చేసుకోండి: ఈసారి నొప్పి వస్తే పిల్లలూ మీరూ వెళ్తారు. ఆమె పక్కన మందు, నీళ్ళ బాటిల్, వాంతికి గిన్నె, చార్జింగ్ ఉన్న ఫోన్ పెట్టి తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి. ఆమెకి ఎప్పుడూ వచ్చే రకం నొప్పే అయితే కావాల్సింది చీకటి, నిశ్శబ్దం, మందు. కాపలా కాదు. నావల్ల అందరూ ఆగిపోయారు అనే బాధ ఆమెకి నొప్పికి తోడు ఇంకో నొప్పి, మీరు వెళ్తే అదైనా తగ్గుతుంది. ఇంటికి రాగానే "ఎలా ఉంది" అని ఒకసారి అడగండి, అక్కడ ఎంత బాగా జరిగిందో మర్నాడు చెప్పండి.

అయితే కొన్ని గుర్తులు కనపడితే మాత్రం ఫంక్షన్ లేదు, ఏమీ లేదు, వెంటనే ఆసుపత్రి. ఉన్నట్టుండి ఒక్క నిమిషంలో భరించలేనంతగా పెరిగిపోయిన నొప్పి, జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యో కాలో పట్టు తప్పడం, మూతి వంకరపోవడం, ఫిట్స్, తలకి దెబ్బ తగిలాక మొదలైన నొప్పి. ఎప్పుడూ వచ్చే తీరు కాకుండా కొత్తగా ఉన్నా, 72 గంటలు దాటినా, గుక్కెడు నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా అంతే.

ఇంకో మాట, ఇది ముఖ్యం. నెలలో ఎనిమిది తొమ్మిది రోజులంటే నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్రతో నెట్టుకొచ్చే దశ దాటిపోయింది. నొప్పి రాకుండా రోజూ వాడే మందులు వేరే ఉంటాయి, నెలకి నాలుగు రోజులు వచ్చినా డాక్టర్లు వాటి గురించి ఆలోచిస్తారు. న్యూరాలజిస్టు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. వాటి ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది, పదిహేను రోజులకే "పనిచెయ్యలేదు" అని మానేసేవాళ్ళు చాలామంది. నొప్పి రోజులు సగానికి తగ్గితే ఆ మందు పనిచేసినట్టే. అలాగే ఆమె నొప్పి మాత్రలు నెలకి ఎన్ని రోజులు వేసుకుంటోందో క్యాలెండరు మీద గుర్తుపెట్టండి. మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు, ట్రిప్టాన్లూ (మైగ్రేన్ కోసమే ఇచ్చే నొప్పి మందులు) రెండు మూడు మందులు కలిసిన మాత్రలూ 10 రోజులు, ఆ పైన నెలల తరబడి వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావడం మొదలవుతుంది. "ఈ మూడు నాలుగేళ్ళుగా ఎక్కువైంది" అని మీరు రాశారు కాబట్టి ఇది తప్పకుండా అడగాల్సిన సంగతి.

మీ అమ్మగారితో వాదన పెట్టుకోకండి. "మెదడుకి సంబంధించిన జబ్బమ్మా, డాక్టరు చూస్తున్నాడు" అని ఒక్కసారి చెప్పి, ఆ మాట మీ భార్య వినేచోట చెప్పండి. పదిమందిలో మీరు తనవైపు నిలబడ్డారని ఆమెకి తెలియడం ఏ మందుకీ తీసిపోదు. మీ బాధ చెప్పుకోవడానికి స్నేహితుడో అన్నో ఒకరిని చూసుకోండి, మగవాళ్ళు ఇది అస్సలు చెయ్యరు, బీపీ పెరిగాక బయటపడుతుంది.

ప్రశ్న: నేను ఇంటర్ ఫస్టియర్, రాజంపేట దగ్గర మా ఊరు. నాన్న కువైట్‌లో ఉంటారు. అమ్మకి తలనొప్పి వస్తే ఇల్లు, తమ్ముడు, అన్నీ నేనే. అమ్మ గొంతు మారితేనే నాకు తెలిసిపోతుంది, కడుపులో ఏదోలా అవుతుంది. నాన్న ఫోన్ చేస్తే "బాగానే ఉంది" అని చెప్పమంటుంది. పోయిన వారం నేను ఎదురు మాట్లాడానని బాగా తిట్టింది, ఆ సాయంత్రమే నొప్పి వచ్చింది. నావల్లే అనిపిస్తోంది. అమ్మకి ఏమైనా అవుతుందా? నాకూ వస్తుందా? క్లాసులో కూర్చున్నా ఇల్లే గుర్తొస్తోంది.

తల్లీ, నీ ప్రశ్నల్లో నన్ను ఎక్కువగా పట్టి ఆపింది "నావల్లే" అన్న మాట. అందుకని అక్కణ్ణించే మొదలుపెడతాను, బాగా చదువు.

మైగ్రేన్ నొప్పితో మొదలవ్వదు. నొప్పికి కొన్ని గంటల ముందు నుంచి, ఒక్కోసారి ముందురోజు నుంచే, మెదడులో మార్పులు మొదలైపోతాయి. ఆవలింతలు, మెడ పట్టేసినట్టుండటం, ఏదో ఒకటి తినాలనిపించడం, చిరాకు. ఊరికే కోపం రావడం కూడా ఆ గుర్తుల్లో ఒకటి. అమ్మ నిన్ను తిట్టేటప్పటికే ఆ నొప్పి బయల్దేరి ఉండొచ్చు, అంటే నువ్వు మాట్లాడినందుకు నొప్పి రావడం కాదు, నొప్పి రాబోతున్నందుకు అమ్మకి అంత కోపం వచ్చి ఉండొచ్చు. ఎదురు మాట్లాడటం నీ వయసులో అందరూ చేసేదే, దానికి మైగ్రేన్ శిక్ష కాదు.

అమ్మకి ఏమీ కాదు. చూడటానికి చాలా భయంగా ఉంటుంది గానీ మైగ్రేన్ వల్ల ప్రాణం పోదు. పైన రాసిన ప్రమాదం గుర్తులు ఒకసారి చదివి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించు, అవి కనపడితే 108కి ఫోన్ చేసి పక్కింటివాళ్ళని పిలువు. అవి లేకపోతే రాత్రంతా అమ్మ ఊపిరి చూస్తూ కూర్చోవాల్సిన పనిలేదు, నువ్వు పడుకో.

నీకూ వస్తుందా అంటే, ఇది కుటుంబాల్లో నడిచే జబ్బే, అమ్మకి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువ. కానీ తప్పకుండా వస్తుందని కాదు. ఒకవేళ వచ్చినా అమ్మలాగా ఏళ్ళ తరబడి ఓర్చుకుంటూ కూర్చోవద్దు, మొదట్లోనే డాక్టరుకి చెప్పు. ఈలోగా ప్రతి చిన్న తలనొప్పికీ అదేనేమో అని భయపడకు.

నాన్నకి అబద్ధం చెప్పడం నీమీద పెట్టకూడని బరువు. అమ్మ అలా ఎందుకంటోందో నాకు అర్థమవుతుంది, అంత దూరంలో ఉన్న మనిషి ఏం చెయ్యలేక కంగారు పడతాడని. అయినా నువ్వు మధ్యలో ఉండకూడదు. అమ్మ బాగున్నప్పుడు ఇలా అను: "అమ్మా, నాన్నకి నువ్వే చెప్పు, నేను చెప్పను. కానీ బాగుంది అని నాతో చెప్పించొద్దు, నాకు భయమేస్తోంది." నాన్నకి తెలిస్తే డబ్బు పంపి ఎవరినైనా పనికి పెట్టొచ్చు, పిన్నినో అత్తనో వారానికోసారి రమ్మనొచ్చు. తెలియకపోతే ఏదీ జరగదు.

నొప్పి రోజు వంట గురించి: అన్నం ఒక్కటి వండు, కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకోండి, లేకపోతే గుడ్డు ఉడకబెట్టు, పెరుగు వేసుకోండి. ఆ రోజు ఇల్లు ఊడవకపోతే ఏం కాదు. తమ్ముడు మరీ చిన్నవాడు కాకపోతే వాడికీ పని చెప్పు, ఆడపిల్లవని మొత్తం నువ్వే చెయ్యాలని ఎక్కడా లేదు. కాలేజీలో నీకు నచ్చిన లెక్చరర్ ఒకరికి ఇంటి పరిస్థితి చెప్పి ఉంచు. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనంతగా అనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యి. టెలిమానస్ అంటారు, మనసు బాగాలేనివాళ్ళ కోసం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, డబ్బులు తీసుకోరు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. "మా అమ్మకి తలనొప్పి, నాకు భయంగా ఉంది" అంటే నవ్వరు.

ఇది చదివే అమ్మలకి కూడా ఒక మాట. నొప్పి తగ్గాక పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని "నొప్పి వల్ల అరిచాను, నీ తప్పు కాదు" అని చెప్పండి. చెప్పకపోతే వాళ్ళు తమ తప్పే అనుకుంటారు, ఈ అమ్మాయిలాగే.

ప్రశ్న: తెనాలి నుంచి రాస్తున్నాను, 63 ఏళ్ళు. మా కోడలు టీచరు. శుక్రవారం తలంటుకోవే అంటే తలనొప్పి వస్తుందంటుంది. అగరబత్తి వెలిగిస్తే వాసన పడదంటుంది. ఇలాంటివి నిజంగా ఉంటాయా? మోకాళ్ళ నొప్పులతో వంటంతా నేనే చేస్తున్నాను. మా అబ్బాయి "అమ్మా, తనకి బాలేదు" అంటాడు గానీ నాకెలా ఉందో అడగడు.

ఉంటాయమ్మా. వాసనలు పడకపోవడం మైగ్రేన్‌లో బాగా తెలిసిన సంగతే, అగరబత్తి, సెంటు, పెట్రోలు, పోపు ఘాటు, ఏదైనా కావచ్చు. తలస్నానం సంగతి అయితే మన దేశంలోనే ఎక్కువగా గమనించారు. ముంబయి డాక్టరు రవిశంకర్ తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మందిని పరిశీలించి 2006లో ఒక వైద్య పత్రికలో రాశారు. కాబట్టి మీ కోడలు వంక పెట్టడం లేదు. శుక్రవారమే కావాలన్న పట్టు వదిలెయ్యండి, ఆమెకి సెలవున్న రోజు, కడుపులో ఏదైనా పడ్డాక, ఎండ పొద్దున పోసుకుని వెంటనే ఆరబెట్టుకుంటే కొంతమందికి ఇబ్బంది తగ్గుతుంది. దేవుడి దగ్గర దీపం పెట్టండి, అగరబత్తి మీ కోడలు స్కూలుకి వెళ్ళాక వెలిగించుకోండి.

కానీ మీరు అసలు అడిగింది చివరి వాక్యంలో ఉంది. ఇంట్లో ఒకరి నొప్పికి పేరుంది, డాక్టరున్నాడు, మీ మోకాళ్ళని మాత్రం వయసు కింద రాసేశారు. ఈ బాధ కోడలి మీద కోపంగా మారకముందే మీ అబ్బాయితో నేరుగా చెప్పండి: "దానికి బాలేదని నాకు తెలుసురా, నాకూ బాలేదు. నిలబడి గంటసేపు వంట చెయ్యలేను. రాత్రిళ్ళు చపాతీలు నువ్వు చెయ్యి, లేకపోతే వంటమనిషిని పెట్టు." అబ్బాయిలు తల్లి అడగదనే ధైర్యంతోనే అడగరు. అడగండి. మోకాళ్ళకి ఎముకల డాక్టరు దగ్గరికి కూడా అతన్నే తీసుకెళ్ళమనండి. ఇంకో సంగతి, వీలైతే ఈ మాట కోడలితో కూడా చెప్పండి. నొప్పంటే ఏంటో ఇంట్లో మీ తర్వాత బాగా తెలిసింది ఆమెకే.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. మా ఆయనకి నెలలో సగం పైగా రోజులు తలనొప్పే, క్రానిక్ మైగ్రేన్ అన్నారు. ఇక్కడ అమ్మా లేదు, అత్తయ్యా లేదు. పాప డేకేర్, నా ఉద్యోగం, ఆయన అపాయింట్‌మెంట్లు. ఇండియాలో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో నేను పోలీసులా తయారయ్యాను. కాఫీ ఎన్ని తాగావు, స్క్రీన్ ఎంతసేపు చూశావు, నిద్రపోయావా అని. నాకే నచ్చడం లేదు.

పోలీసు డ్యూటీ ఆపెయ్యండి, ఇది సలహా కాదు, బతిమాలడం అనుకోండి. కాఫీ, నిద్ర, స్క్రీన్ అన్నీ సరిగ్గా ఉన్న రోజు కూడా మైగ్రేన్ వస్తుంది, మెదడు స్వభావమే అలాంటిది, కారణం ఎప్పుడూ ఆయన చేసిన పనే కానక్కర్లేదు. మీరు లెక్కలడిగిన కొద్దీ ఆయనకి నొప్పి వచ్చిందని మీకు చెప్పడమే భయం అవుతుంది, దాచడం మొదలుపెడతారు, మీకు అనుమానం ఇంకా పెరుగుతుంది. డైరీ ఆయన రాసుకోవాలి, ఫోన్‌లో అయినా సరే, మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రమే చూడాలి. బొటాక్స్ ఇంజెక్షన్లకి క్రానిక్ మైగ్రేన్ కోసం అక్కడ 2010లో అనుమతి వచ్చింది, సీజీఆర్‌పీ (మైగ్రేన్ నొప్పిలో పాత్ర ఉన్న ఒక ప్రొటీన్) మీద పనిచేసే నెలవారీ ఇంజెక్షన్లు 2018 నుంచి ఉన్నాయి. వీటి గురించి డాక్టరుతో మాట్లాడారో లేదో మీరు రాయలేదు, లేకపోతే అడగండి.

మీకు ఉపయోగపడే సంగతి ఇంకొకటి. అమెరికాలో ఎఫ్ఎంఎల్ఏ చట్టం కింద ఏడాదిలో 12 వారాల దాకా జీతం లేని సెలవు పెట్టుకోవచ్చు, తన జబ్బుకే కాదు, భార్యకో భర్తకో తీవ్రమైన అనారోగ్యం ఉండి చూసుకోవాల్సి వచ్చినా కూడా. మొత్తం ఒకేసారి తీసుకోనక్కర్లేదు, అవసరాన్ని బట్టి ఒక పూటో కొన్ని గంటలో అయినా వాడుకోవచ్చు. మీ కంపెనీలో 50 మందికి తగ్గకుండా ఉండాలి, మీరు ఏడాది పనిచేసి ఉండాలి, ఆ ఏడాదిలో 1,250 గంటలు నిండాలి, డాక్టరు సర్టిఫికెట్ కావాలి. మామూలు తలనొప్పికి ఇది వర్తించదని నిబంధనల్లో రాస్తూ మైగ్రేన్‌ని అందులోంచి మినహాయించారు, కాబట్టి "తలనొప్పికి సెలవా" అని ఎవరైనా అంటారేమోనని వెనకాడకుండా హెచ్ఆర్‌ని అడగండి. తెల్లవారుజామున నొప్పి వచ్చిన రోజు పాపని దించి వచ్చి మీటింగ్‌లో కూర్చోవాల్సిన గుండెదడ కొంతైనా తగ్గుతుంది.

ఇండియాలో చెప్పకపోవడం గురించి: రెండువైపులా అమ్మానాన్నలందరికీ ఒకేసారి చెప్పాలని లేదు. మీ అక్కకో చెల్లికో, తట్టుకోగల ఒక్కరికి చెప్పండి. వారంలో ఒక ఫోన్ కాల్‌లోనైనా మీరు "బాగున్నాం" అని మొదలుపెట్టకుండా ఉండే మనిషి కావాలి. అక్కడి తెలుగు స్నేహితుల్లో ఎవరైనా "ఏదైనా కావాలంటే చెప్పండి" అంటే ఈసారి నిజంగా చెప్పండి. "మంగళవారం పాపని డేకేర్ నుంచి తీసుకురాగలరా" అని స్పష్టంగా అడిగితే కాదనేవాళ్ళు తక్కువ.

ప్రశ్న: నొప్పి ఉన్నది నాకే. మా ఆయన పన్నెండేళ్ళలో ఒక్క మాట అనలేదు. అన్నీ చేస్తారు, మౌనంగా. ఆ మౌనమే నాకు భయంగా ఉంది. పడుకుని ఉన్నప్పుడు వంటింట్లో గిన్నెల చప్పుడు కొంచెం గట్టిగా వినపడితే కోపంగా ఉన్నారేమో అని ఏడుస్తాను. ఆయన కోసం నేనేం చెయ్యగలను?

గిన్నెల చప్పుడుకి అర్థాలు వెతకడం ముందు మానండి, నొప్పిలో ఉన్నప్పుడు మామూలు చప్పుడే రెండింతలు వినపడుతుందని మీకు తెలుసు కదా.

క్షమాపణలు తగ్గించండి. ప్రతిసారీ "సారీ అండీ, నావల్ల మీకు" అంటుంటే ఆయన "పర్లేదు" అనక తప్పదు, అప్పుడు మిమ్మల్ని ఓదార్చడం కూడా ఆయన పనుల్లో ఒకటైపోతుంది. దాని బదులు చేసింది పేరుపెట్టి చెప్పండి, "నిన్న పిల్లల హోంవర్క్ మీరే చేయించారు, చూశాను" అని. పన్నెండేళ్ళుగా ఎవరూ చూడలేదనుకుంటున్న పని అది.

మీరు బాగున్న రోజుల్లో ఆయనకి ఖాళీ ఇవ్వండి, ఊరికే మాట వరసకి కాదు, ఖాయంగా. ఆదివారం పొద్దున ఆయన స్నేహితులతో షటిల్ ఆడటానికి వెళ్ళడమో, ఊరికే పడుకోవడమో, ఏదైనా సరే, ఆ పూట ఇల్లు మీది. ఆ పూట మీకు నొప్పి వస్తే పిల్లల్ని ఎవరు చూస్తారో కూడా ముందే అనుకుని ఉంచండి, మీ చెల్లెలో, పై అంతస్తులో ఉండే ఆంటీయో, లేకపోతే మొదటి నెలలోనే అది ఆగిపోతుంది. మిగిలిన మంచి రోజుల్లో పోయిన పని మొత్తం ఒకేసారి చేసెయ్యాలని మీద పడకండి, అలా చేసి అలసిపోతే మళ్ళీ నొప్పి వస్తుంది, ఆయన ఆ భయంతో మీ చేతిలో పని లాక్కుంటారు.

ఇక ఆ మౌనం. "మీకు కోపంగా ఉందా" అని అడగకండి, లేదనే చెప్తారు. "ఈ పన్నెండేళ్ళలో నా తలనొప్పి వల్ల మీరు వదులుకున్నవాటిలో ఏది మీకు బాగా బాధ కలిగించింది" అని అడగండి. అడిగాక సమర్థించుకోవద్దు, ఏడుపొస్తే రానివ్వండి గానీ ఆయన మాట పూర్తి కానివ్వండి. మొదటిసారి ఏమీ లేదంటారు. ఓ వారం ఆగి, ఇద్దరూ నడకకి వెళ్ళినప్పుడో బండి మీద వెళ్తున్నప్పుడో, ఎదురెదురుగా కూర్చోకుండా ఉన్న సమయం చూసి, మళ్ళీ అడగండి.